బంపరు లోపలి వైపు

తెల్లరంగు వెయ్యడం తేలిక అనుకునేవాళ్లు ఎప్పుడూ తెల్లరంగు వేసి ఉండరు. ఎరుపు తప్పును దాస్తుంది. పచ్చ సగం దాస్తుంది. తెలుపు దేన్నీ దాచదు. కింద లప్పం నున్నగా అరగకపోతే చెప్పేస్తుంది, కుంచె ఒక్క క్షణం ఆగిన చోటు చెప్పేస్తుంది, పొద్దున తిన్న రొట్టె జిడ్డు వేలికి మిగిలి ఉంటే అదీ చెప్పేస్తుంది. ఈ సంగతి తిరుమలగిరిలో లారీలకు బాడీలు కట్టే షెడ్లన్నిటికీ తెలుసు. అందుకే తెల్లబండి వచ్చిందంటే చాలు, "రాంగోపాల్‌పేట్ హనీఫ్ ఉన్నడా?" అని అడిగేవాళ్లు.

హనీఫ్‌కు అరవై ఆరేళ్లు. మూడో తరగతితో బడి మానేశాడు. అయినా నలభై ఏళ్లుగా తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ బండ్ల మీద రాస్తున్నాడు. ఒక మాటను కూడబలుక్కుని చదివేలోపల దాన్ని నాలుగుసార్లు రాసేయగలడు. అక్షరం అతనికి బొమ్మ. నోటి మాట మాత్రం తక్కువ. ఆ లోటును రాములు తీర్చేవాడు. రాములు సొట్టలు తీసే మనిషి. ఒకే షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా హనీఫ్ పక్కన సుత్తి పట్టుకుని కూర్చుని, తన మాటలూ హనీఫ్ మాటలూ కలిపి తానే మాట్లాడుతున్నాడు.

రేడియం స్టిక్కర్లు వచ్చాక లారీల వెనక నెమళ్లు పోయాయి, కలువపూలు పోయాయి. షెడ్డు యజమాని తిరుమల్ సేటు ఒక రోజు హనీఫ్ భుజం మీద చెయ్యేసి, "ఇగ చేతిపని నడవదు భాయ్, ఈ ఎండాకాలం దాంక చూద్దాం" అన్నాడు. హనీఫ్ తలూపాడు. కుంచెలు కడిగి పెట్టాడు.

ఆ ఎండాకాలంలోనే పన్నెండు ఆంబులెన్సులు వచ్చాయి.

ఎక్కడో సముద్రం అవతల రెండు దేశాలు రెండు నెలలుగా కొట్టుకుంటున్నాయి. షెడ్డు ఎదుట టీ హోటల్లో టీవీ పొద్దస్తమానం అదే చూపించేది. పెద్ద పెద్ద దేశాల మంత్రులు విమానాలు దిగుతారు, చేతులు కలుపుతారు, రెండు పక్షాలూ సంయమనం పాటించాలని చెప్పి మళ్లీ విమానం ఎక్కుతారు.

"సంయమనం, సంయమనం అని రోజూ జెప్తున్నరు" అన్నాడు రాములు, సాసర్లో టీ ఊదుకుంటూ. "గదేమన్న గోలీనా భాయ్, మూడు పూటలా ఏసుకోనికి?"

హనీఫ్ నవ్వలేదు. టీవీలో కూలిన గోడ పక్క నుంచి ఇద్దరు మనుషులు తలుపు మీద ఒక ముసలామెను పడుకోబెట్టి మోసుకుపోతున్నారు. ఆ తలుపుకు నీలం రంగు ఉంది. ఎవరో బాగానే వేశారు అనుకున్నాడు.

మాట్లాడగా మాట్లాడగా చివరికి ఒక్క సంగతికి రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. దెబ్బలు తగిలినవాళ్లను తీసుకుపోయే ఐక్యరాజ్య సమితి తెల్లబండ్ల మీద కాల్పులు జరపరాదు. దారిలో సైనికులు బండ్లను ఆపే నాకాల దగ్గర వెతికి చూడవచ్చు. ఏమీ లేకపోతే వదిలేయాలి. ఆ బండ్లలో పన్నెండు మన దేశం ఇస్తానంది. బాడీ కట్టే పని తిరిగి తిరిగి తిరుమల్ సేటు షెడ్డుకు వచ్చింది.

కాగితంలో ఉన్నది రెండు ముక్కలు. బండంతా తెలుపు. రెండు పక్కలా, పైనా నల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు. అంతకుమించి గీత కూడా ఉండరాదు.

సేటు బయట స్ప్రే కొట్టేవాళ్లతో మాట్లాడబోతుంటే హనీఫ్ లేచి నిలబడ్డాడు.

"తెలుపు నేనేస్త."

సేటు రాములు వైపు చూశాడు. రాములు సుత్తి కింద పెట్టాడు. "ఆయన నోరు దెరిచిండంటే అయిపోయింది సేటు. ఇంక పదేండ్ల దాంక తెర్వడు. ఇచ్చెయ్."

ఇరవై రెండు రోజులు పట్టింది. హనీఫ్ కూతురు సబీహా ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి పోతూ టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చి, మొదట అయిన మూడు బండ్లను చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. "అబ్బా, ఆసుపత్రి గోడల కన్న తెల్లగున్నయ్" అంది. హనీఫ్ డబ్బా అందుకోబోతూ చేతిని లుంగీకి రెండుసార్లు తుడుచుకున్నాడు. కూతురు మెచ్చుకుంటే అతను అలాగే చేస్తాడు.

రెండు అక్షరాలను కొలత పెట్టి, ఊపిరి బిగబట్టి రాశాడు. పన్నెండు బండ్ల మీదా ఒక్క వెంట్రుకవాసి తేడా రాలేదు.

గురువారం సాయంత్రం పని అయిపోయింది. రాములు టీకి పోయి వచ్చేసరికి హనీఫ్ చివరి బండి వెనక నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతిలో సన్నటి కుంచె, ఛాతీ మీద నల్లరంగు డబ్బీ.

రాములు ఒంగి చూశాడు. "వేసినవా?"

"వేసిన."

"పన్నెండిటికీ?"

"ఊఁ."

వెనక బంపరు లోపలి వైపున, బొటనవేలంత నల్ల చెప్పు బొమ్మ. దిష్టి చెప్పు. కొత్త లారీ వెనక పాత చెప్పు వేలాడదీయని డ్రైవరు మన దగ్గర లేడు. హనీఫ్ దాన్ని వేలాడదీయడు, గీస్తాడు. బండి పూర్తయ్యాక ఆఖరి గీత అదే. నలభై ఏళ్లలో ఒక్క బండికే గీయలేదు. దాని యజమాని తొందరపెట్టి, రంగు తడి ఆరకముందే తోలుకుపోయాడు. ఆ బండి ఘాటు రోడ్డులో లోయలో పడింది. దాన్ని నడిపినవాడు నోవహు. హనీఫ్ కంచంలో చెయ్యిపెట్టి తినేంత దోస్తు. అప్పటి నుంచి హనీఫ్ చెయ్యి ఆ గీత గీయకుండా బండిని వదల్లేదు.

"గీత సుత ఉండొద్దని కాగితంల ఉంది గద భాయ్" అన్నాడు రాములు.

"లోపలి వైపు. కనబడది."

"నిజమేలే" అన్నాడు రాములు. "బాంబుల నడుమకు పోతున్నయ్. ఉండనీ."

శుక్రవారం నమాజు అయ్యాక, బండ్లను చూసి తీసుకోవడానికి సైన్యం నుంచి సుబేదార్ దుర్గేష్ వచ్చాడు. మారేడ్‌పల్లి మనిషి, నలభై ఐదేళ్లు ఉంటాయి. ఆ బండ్లతో పాటు తానూ వెళుతున్నాడు. ఇదివరకు ఆఫ్రికాలో ఒక దేశానికి శాంతి దళంతో వెళ్లి వచ్చాడు. ఎండలో ఒక్కో బండి చుట్టూ తిరిగాడు. తలుపుల అంచులు వేలితో తడిమాడు. మోకాళ్ల మీద కూర్చుని చక్రాల వెనక చూశాడు. పన్నెండో బండి దగ్గర లేచి నిలబడి, "ఇది ఎవరి చెయ్యి?" అన్నాడు.

అందరూ హనీఫ్‌ను చూపించారు.

"చాచా, మా వర్క్‌షాప్ల సుత గిట్లాంటి తెలుపు చూడలే" అని కాగితం మీద సంతకం పెట్టేశాడు. తిరుమల్ సేటు ముఖం వెలిగిపోయింది. టీ తెప్పించాడు, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. నలుగురూ చెక్కబల్ల మీద కూర్చున్నారు.

"అసలు తెలుపే ఎందుకు సాబ్?" అన్నాడు రాములు. "ఎండల కండ్లు పోతున్నయ్."

"ఎవరి రంగూ కాదు గనక" అన్నాడు దుర్గేష్. "అక్కడ నాకా కాడ పద్దెనిమిదేండ్ల పోరడు తుపాకి పట్టుకుని నిలబడ్తడు. నిద్ర లేదు, తిండి లేదు. వాన్కి ఏం జూసినా అనుమానమే. బండి మీద వాన్కి అర్థం గానిది ఒక్కటి సుత ఉండొద్దు. మా తోటి ఒక తమాష అయింది వినండి."

దుర్గేష్ గ్లాసు కింద పెట్టాడు.

"మా డ్రైవరు మనోడే. దసరాకు బండికి పూజ చేసిండు. నిమ్మకాయలు, మిరపకాయలు తీసేయమంటే తీసేసిండు. ఎనక బంపరు లోపల మాత్రం చిన్న చెప్పు కట్టిండు. దిష్టికి. మాకెవ్వరికీ ఎరుక లేదు. నాకా కాడ వాళ్లు పొడుగు కట్టెకు అద్దం కడ్తరు. బండి కింద పెట్టి చూస్తరు. అద్దంల చెప్పు కనబడింది."

"అయితే ఏంది సాబ్? చెప్పే గద" అన్నాడు సేటు.

"మనకు దిష్టి. వాళ్ల కాడ చెప్పు చూపిచ్చుడంటే మీద ఉమ్మినట్టు. తుపాకులు లేపిన్రు. దిగమన్నరు. మా పెద్ద సాబు వచ్చి, వాళ్ల పెద్ద సాబు వచ్చి, దుబాసీ వచ్చి, మా దేశంల గిది రక్ష అని నచ్చజెప్పేసరికి ఐదు గంటలు. ఎనక ఇద్దరు దెబ్బలు తాకినోళ్లు ఉన్నరు." దుర్గేష్ బిస్కెట్ విరిచి, తినకుండా సాసర్లో పెట్టాడు. "దవాఖానకు పోయేసరికి ఒక్కడే ఉన్నడు."

సేటు బిస్కెట్ల పళ్లెం పక్కకు జరిపాడు.

"ఇప్పుడు పోయేకాడ సుత గంతే. ఇంకా ఎక్కువే అనుకో. గా ఒక్క మాటకు ఒప్పియ్యనీకి ఎన్ని దేశాలోళ్లు ఎన్ని దినాలు కూసున్నరో టీవీల చూస్తనే ఉన్నరు. వాళ్ల మాట మన బండి బంపరు కాడ పోవద్దు గద." దుర్గేష్ లేచాడు. "రేపు నాలుగు గంటలకు రైలుకు ఎక్కియ్యాలె. పొద్దుగాల ఎనిమిదికి వస్త."

రాములు హనీఫ్ వైపు చూడలేదు. హనీఫ్ తన గ్లాసు వైపు చూస్తున్నాడు. టీ అలాగే ఉంది.

జీపు వెళ్లిపోయాక రాములు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "సంతకం అయిపోయింది. మోకాళ్ల మీద కూసుని చూసినా ఆయనకే కనబడలే."

"అద్దం పెడ్తరట."

"బొటనేలంత భాయ్! మట్టి కొట్టుకుపోతది."

"నా ఎనామిల్ పోదు" అన్నాడు హనీఫ్. అందులో గొప్పా ఉంది, బాధా ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో సబీహా పెట్టిన అన్నం కెలికాడు గాని తినలేదు. రెండుసార్లు అడిగితే చెప్పలేదు. మూడోసారి అడిగితే అంతా చెప్పాడు. నాలుగైదు మాటల్లో అయిపోయింది.

సబీహా అన్నం గిన్నెకు మూత పెట్టింది. "మా కాడికి ఆంబులెన్స్ వస్తది అబ్బా. తలుపు దెరిస్తం. జెర ముందు వస్తే బతికేటోడని డాక్టర్ సాబ్ అంటడు. ఎందుకు ఆలస్యమైందో ఎవ్వరూ అడగరు. ట్రాఫిక్ అనుకుంటం." కంచం తీసి పక్కన పెట్టింది. "నీకైతే ఎరుకే గద."

శనివారం పొద్దున ఆరున్నరకే హనీఫ్ షెడ్డులో ఉన్నాడు. తిరుమల్ సేటు కొబ్బరికాయ, పూలు పట్టుకుని వచ్చాడు. హనీఫ్ అతనికి చెప్పాడు. సేటు పూలు బల్ల మీద పడేశాడు.

"దిమాగ్ ఖరాబైందా భాయ్? సంతకం పెట్టి పోయిండు! నువ్వు నోరు మూసుకుంటే అయిపోతది గద. నలభై ఏండ్లల్ల మాట్లాడనోనికి ఇయ్యాల్నే మాట్లాడాల్నా?"

"చెప్పాలె సేటు."

"చెప్పు. చెప్పినంక ఈ షెడ్డుల అడుగు పెట్టకు. బండ్లు వాపస్ పోతయ్, నా పేరు పోతది, నీ పేరు పోతది. తిరుమలగిరి అంత నవ్వుతది. తెల్లరంగు హనీఫ్ అంట, చెప్పులు గీసిండంట అని."

ఆ చివరి మాట హనీఫ్‌కు సూటిగా తగిలింది. అతనికి ఉన్నది ఆ పేరొక్కటే. ఎనిమిది దాకా గేటు దగ్గర నిలబడ్డాడు. రాములు వచ్చి పక్కన నిలబడ్డాడు.

జీపు ఆగింది. దుర్గేష్ దిగుతూనే "ఏం చాచా, బండ్లకు కావలి ఉన్నవా?" అని నవ్వాడు.

హనీఫ్ అతన్ని మొదటి బండి వెనక్కి తీసుకుపోయాడు. రాములు సొట్టలు చూసుకోవడానికి వాడే చేతి అద్దాన్ని తానే బంపరు కింద పెట్టాడు. దుర్గేష్ ఒంగి చూశాడు. నవ్వు పోయింది.

"ఎన్నిటికి?"

"పన్నెండు."

"నిన్న సంతకం పెట్టక ముందు ఎందుకు చెప్పలే?"

"నిన్న మీరు చెప్పేదాంక గది ఒకని పానం మీదికి తెస్తదని నాకు ఎరుక లేదు."

దుర్గేష్ నిటారుగా నిలబడ్డాడు. వెనక తిరుమల్ సేటు చేతులు నలుపుకుంటూ ఏదో అనబోయాడు. దుర్గేష్ చెయ్యెత్తి ఆపాడు. జేబులో నుంచి నిన్నటి కాగితం తీశాడు, నాలుగు ముక్కలు చేశాడు.

"నాకు సుత కనబడలే. నాది సుత తప్పే" అన్నాడు. "రెండు గంటల దాంక టైముంది చాచా. అయితదా?"

"అయితది."

"మరక మిగిలితే ఆ బండి ఇక్కడ్నే ఉంటది. చెప్తున్న."

"మిగలది" అన్నాడు హనీఫ్.

నలుపు మీద తెలుపు వేస్తే పని జరగదు. ఎన్ని పూతలు వేసినా కింది నలుపు బూడిదరంగై పైకి తొంగి చూస్తుంది. రేకు తేలేదాకా గీకాలి, ఎమరీ కాగితంతో రుద్దాలి, లప్పం పెట్టాలి, ప్రైమరు వెయ్యాలి, ఆపైన రెండు పూతల తెలుపు. నేల మీద గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా పడుకుని, చేతులు పైకెత్తి. అరవై ఆరేళ్ల చేతులు.

హనీఫ్ మొదటి బండి కింద దూరాడు. గీకుడు పట్టీ చెప్పు బొమ్మ మీద పెట్టాడు. పెట్టిన చెయ్యి ఆగింది.

పక్క బండి కింద నుంచి రాములు తల తిప్పి చూశాడు. అతనికి నోవహు తెలుసు. "భయమైతాందా?"

"అయితాంది."

హనీఫ్ గీకాడు. నల్లపొడి రాలి గడ్డంలో పడింది.

ఆ తర్వాత ఆగలేదు. రాములు గీకుతూ ముందు పోతుంటే హనీఫ్ వెనక లప్పం పెడుతూ వచ్చాడు. మే నెల ఎండ ఆ రోజు వాళ్లవైపు ఉంది. రేకు పెనంలా కాలుతోంది, పూత పూతకూ ఆరిపోతోంది. పదకొండు గంటలకు హనీఫ్ భుజాలు పట్టేశాయి. కుడి చెయ్యి పైకి లేవకపోతే ఎడమ చేత్తో దాని మోచేయి పట్టి లేపాడు. సబీహా రాత్రి డ్యూటీ దిగి నేరుగా షెడ్డుకు వచ్చింది, రెండు నిమిషాలు చూసింది, చున్నీ నడుముకు బిగించి డబ్బీలు అందించడం మొదలుపెట్టింది. దుర్గేష్ యూనిఫాం చొక్కా విప్పి జీపు మీద వేసి, బనీనుతో నేల మీద కూర్చుని ఒక్కో బంపరుకూ అద్దం పట్టుకున్నాడు.

"సాబ్, మీరు ఇట్ల కూసున్నది మీ పల్టన్‌కు ఎరుకైతే?" అన్నాడు రాములు.

"సంయమనం పాటిస్తున్న అని చెప్త" అన్నాడు దుర్గేష్.

బండ్ల కింద నుంచి రెండు నవ్వులు వినిపించాయి. అందులో ఒకటి హనీఫ్‌ది. సబీహా నమ్మలేక ఒంగి చూసింది.

పన్నెండున్నరకు తిరుమల్ సేటు మజ్జిగ కుండ పట్టుకుని వచ్చాడు. గ్లాసుల్లో పోశాడు. హనీఫ్ గ్లాసు బండి కిందికి తానే ఒంగి అందించాడు. కాసేపటికి ఫ్యాను తెప్పించి, పొడుగు వైరు వేయించి, ఆరని పూతల వైపు తిప్పాడు.

ఒకటీ ముప్పావుకు హనీఫ్ చివరి బండి కింద నుంచి బయటికి వచ్చాడు. లేవలేకపోతే కూతురు లేపింది. దుర్గేష్ చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి అద్దంతో, టార్చితో. నాకా దగ్గర ఎలా చూస్తారో అలా చూశాడు. ఒకటి. రెండు. ఐదో దానికి చాలాసేపు పట్టింది. దుర్గేష్ ముందుకు జరిగాడు. పన్నెండో బంపరు కింద నుంచి అద్దం తీసి, టార్చి ఆర్పి, కొత్త కాగితం మీద సంతకం పెట్టాడు.

"ఏం లేదు చాచా" అన్నాడు.

హనీఫ్ తలూపాడు. నలభై ఏళ్లలో అతని పనికి వచ్చిన మెప్పుల్లో అంత చిన్నది లేదు, అంత పెద్దదీ లేదు.

మూడింటికి పన్నెండు బండ్లు రైలు అందుకోవడానికి వరుసగా రోడ్డెక్కాయి. పక్క షెడ్లవాళ్లు పనులు ఆపి బయటికి వచ్చారు. చేతివేళ్లకు గ్రీజు అంటిన మనుషులు ఎవరూ చెప్పకుండానే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు, ఆ తెలుపుకు అంటుతుందేమో అన్నట్టు.

హనీఫ్ రెండు వారాలు కుడి చెయ్యి లేపలేకపోయాడు. మూడో వారం తిరుమల్ సేటు ఇంటికే వచ్చి, ఏమీ జరగనట్టు, ఒక బడి బస్సుల గురించి మాట్లాడి పోయాడు.

నెల దాటాక, ఒక పొద్దున టీ హోటల్లో హనీఫ్, రాములు కూర్చుని ఉండగా సబీహా పరుగులాంటి నడకతో వచ్చింది. దుర్గేష్ ఆమె ఫోనుకు గొంతు రికార్డు చేసి పంపాడు. వెనక ఇంజన్ల చప్పుడు, ఏవో అర్థంకాని కేకలు.

"చాచా, సలాం. ఇయ్యాల మొదటి నాకా దాటినం. పన్నెండు బండ్లకూ అద్దం పెట్టిన్రు. ముందు వెనక, కింద పైన, అంత చూసిన్రు. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. అవతల దెబ్బలు తాకినోళ్లు పదిహేడు మంది ఉండిరి. పదిహేడు మందినీ తెచ్చినం. ఉంట."

సబీహా మళ్లీ వినిపించింది. హనీఫ్ మూడోసారి కూడా అడిగాడు.

"తొమ్మిది నిమిషాలా!" అన్నాడు రాములు, కళ్లు తుడుచుకుంటూ. "మన టోల్‌గేట్ కాడ సుత గంత తొందరగ ఇడువరు గద భాయ్!"

హోటలాయన గల్లా దగ్గర నుంచి మెడ సాచాడు. "ఏమైంది హనీఫ్ భాయ్? పొద్దుగాల్నే పండుగ లెక్క నవ్వుతున్నవ్?"

ఎప్పటిలా రాములు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. హనీఫ్ అతని మోకాలి మీద చెయ్యేసి ఆపాడు. లేచి నిలబడ్డాడు. హోటల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"మా బండ్ల కింద అద్దం పెట్టి చూసిన్రట" అన్నాడు. "ఏం దొరకలే."

కూర్చోబోయి, ఎవరూ అడగకుండానే, మూల బల్ల మీదివాళ్లకు కూడా వినబడేలా ఇంకోసారి చెప్పాడు.

"పన్నెండిట్ల ఒక్కదాంట్ల సుత ఏం దొరకలే."